అచ్చుయంత్రం దగ్గర ఎదిగిన వీరుడు – షహీద్ కర్తార్ సింగ్ సరాభా



మన సిక్లీగర్ ఇళ్లలో పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని, కొలిమి తిత్తి కొడుతూ పని నేర్చుకుంటాడు. షహీద్ కర్తార్ సింగ్ సరాభా కూడా ఒక పని నేర్చుకుంటూనే ఎదిగారు. ఆయన చేతికి వచ్చింది అచ్చుయంత్రం.

1896 మే 24న లూధియానా జిల్లా సరాభా గ్రామంలో పుట్టారు. తండ్రి మంగళ్ సింగ్ చిన్నతనంలోనే పోతే తాత బదన్ సింగ్ పెంచారు. 1912లో, 16 ఏళ్ల వయసులో, చదువు కోసం ఓడెక్కి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. అక్కడ మన దేశపు కూలీలకు జరిగే అవమానాలు కళ్లారా చూశారు. సొంత దేశం పరాయివాళ్ల చేతిలో ఉన్నంతకాలం ఎక్కడికి వెళ్లినా ఇదే గతి అని ఆయనకు అర్థమైంది.

1913లో బాబా సోహన్ సింగ్ భక్నా అధ్యక్షులుగా గదర్ పార్టీ ఏర్పడింది. ఆ నవంబరు 1న గదర్ పత్రిక ఉర్దూలో మొదలై, త్వరలోనే గురుముఖిలోనూ వచ్చింది. గురుముఖి పత్రిక భారం ఈ కుర్రవాడి మీద పడింది. చదువు పక్కన పెట్టేశారు. ఉర్దూ వ్యాసాలను గురుముఖిలోకి మార్చడం, చేత్తో తిప్పే మిషన్ మీద అచ్చు వేయడం ఆయన పని. అలసట తెలియకుండా పాట పాడుకుంటూ మిషన్ తిప్పేవారని చెప్పుకుంటారు. పత్రికకు వెల లేదు. దేశదేశాల్లోని మనవాళ్లకు ఉచితంగానే వెళ్లేది. భుజాలు నొప్పెట్టే ఈ పనిలోనే ఆయన గుండె గట్టిపడిందని మేము నమ్ముతాం.

1914లో యుద్ధం వచ్చింది. దేశానికి తిరిగి వెళ్లి పోరాడమని పార్టీ పిలిచింది. కర్తార్ సింగ్ ఆ ఏడాదే వచ్చి, సైకిల్ మీద ఊరూరూ తిరిగారు, సిపాయిలను రహస్యంగా కలిశారు. 1915 ఫిబ్రవరి 21న తిరుగుబాటు అని నిర్ణయించారు. కృపాల్ సింగ్ అనే వేగులవాడు ఆ సంగతి పోలీసులకు చేరవేశాడు. తేదీని 19కి మార్చినా అదీ తెలిసిపోయింది. ఆ రోజు సుమారు 60 మందితో, కీర్తన జట్టులా ఢోలకీ, హార్మోనియం పట్టుకుని ఫిరోజ్‌పూర్ కంటోన్మెంటుకు వెళ్లారు. అప్పటికే ప్రభుత్వం జాగ్రత్తపడింది. వట్టి చేతులతో తిరిగి రావలసి వచ్చింది.

హర్నామ్ సింగ్ టుండీలాట్, జగత్ సింగ్‌లతో కలిసి సరిహద్దు వైపు వెళ్లారు. దాటి కాబూలు పోతే ప్రాణం దక్కేది. తోటివాళ్లు జైళ్లలో ఉండగా తాము బయటపడటం ముగ్గురికీ మనసొప్పలేదు. వెనక్కి తిరిగారు. సర్గోధా దగ్గర సిపాయిలను మళ్లీ కదిలించబోయి మార్చి 2న పట్టుబడ్డారు.

లాహోరు జైల్లో విచారణ జరిగింది. ఆయన ఏదీ దాచలేదు, భారమంతా తన మీదే వేసుకున్నారు. లేత వయసు చూసి జడ్జి మాట మార్చుకోవడానికి ఒక రోజు గడువిచ్చాడట. మర్నాడూ అదే మాట. అమెరికాలో, దారిలో, దేశంలో ఆయన చెయ్యి లేని పని దాదాపు ఏదీ లేదని తీర్పులో రాశారు. ఉరిశిక్ష మీద అప్పీలుకు ఆయన ఒప్పుకోలేదు.

1915 నవంబరు 16న మరో ఆరుగురితో పాటు ఉరితీశారు. వారిలో మహారాష్ట్రకు చెందిన విష్ణు గణేశ్ పింగళే కూడా ఉన్నారు. కర్తార్ సింగ్‌కు అప్పుడు 19 ఏళ్లు. ఆ రోజుకు ఎనిమిదేళ్ల పిల్లవాడైన భగత్ సింగ్ పెద్దయ్యాక ఆయన ఫోటోను ఎప్పుడూ తన జేబులో ఉంచుకునేవారు.