యాకోబ్ ష్టెంఫ్లి

రాజకీయజ్ఞుని మంత్రిపదవిని బట్టి కొలుచుట లోకరీతి. పదవిలో నున్నప్పు డేమి సాధించెనో, ఓడినప్పు డేమి విడువకుండెనో, రెండును చూచినగాని యాతని విలువ తేలదని మా యభిప్రాయము. స్విట్జర్లండు దేశీయుడగు యాకోబ్ ష్టెంఫ్లి చరిత్రము దీనికి నిదర్శనము.

ఇతడు 1820లో బెర్ను రాష్ట్రమున రైతుకుటుంబమందు జనించి, న్యాయశాస్త్ర మభ్యసించి న్యాయవాది యయ్యెను. 1845లో బెర్నర్ త్సైటుంగ్ అను పత్రికను స్థాపించి యతివాదపక్షమునకు వాణి నొసగెను. మరుసటి యేడు బెర్ను క్రొత్త రాజ్యాంగమును కూర్చినవారిలో ముఖ్యుడై, ఇరువదియాఱేండ్ల ప్రాయముననే రాష్ట్ర ఆర్థికమంత్రి యయ్యెను. భూమిపై తరతరములుగా పేరుకొనిన దశమభాగములను, కట్టుబడులను తొలగించి, ఆస్తిని బట్టియు ఆదాయమును బట్టియు పన్ను విధించు పద్ధతి యప్పుడు నెలకొనెను. భూవసతిగల మన పాఠకులు దీనిని గమనింతురు గాక.

1847 నాటి అంతర్యుద్ధానంతరము, 1848లో సమాఖ్య రాజ్యాంగ మేర్పడెను. కేంద్రమునకు చాలినంత బలము చేకూరలేదని యితడు దాని నెదిరించెను. 1850లో బెర్నున పూర్వాచారపక్షము గెలువగా పదవి పోయెను. అతడు చింతింపక మరల పత్రికారచనకును న్యాయవాదవృత్తికిని మరలెను. 1854లో ఏడుగురు సభ్యుల సమాఖ్యమంత్రివర్గమున కెన్నికయై, 1856, 1859, 1862 సంవత్సరములలో దేశాధ్యక్షు డయ్యెను. 1856లో నొషాటెల్ రాష్ట్రమును గూర్చి ప్రష్యా రాజు యుద్ధమునకు కాలుదువ్వినప్పుడు స్విట్జర్లండు తలవంచలేదు. 1857లో రాజే తన హక్కును వదలుకొనెను.

అయిన నితని జీవితమునకు సారము రైలుమార్గముల విషయమే. 1852 నాటి శాసనము రైళ్లను రాష్ట్రములకును ప్రైవేటు కంపెనీలకును విడిచెను. జ్యూరిచ్ నాయకుడు ఆల్‌ఫ్రెడ్ ఎషర్ ఆ విధానమునకు అండగా నిలిచెను. జాతి నడచు బాటలు లాభార్థుల చేతులలో నుండరాదని ష్టెంఫ్లి వాదించి, 1862లో దేశమే వానిని కొనవలెనని ప్రణాళికను ప్రకటించెను. అది యంగీకరింపబడలేదు. 1863లో పదవిని వీడి యొక బ్యాంకునకు అధిపతి యయ్యెను. ధనబలము నెదిరించినవాడు బ్యాంకు నేలుట వింతగా దోచవచ్చును. కాని తన సిద్ధాంతమును మాత్ర మతడు విడువలేదు.

1872లో జెనీవాయందు అలబామా నౌకావివాదమును తీర్చిన ఐదుగురు మధ్యవర్తులలో నొకడై, ఇంగ్లండు అమెరికాకు 155 లక్షల డాలర్లు చెల్లింపవలెనను తీర్పున పాల్గొనెను. 1879లో మరణించెను.

1898లో స్విస్సు ప్రజలు మూడింట రెండుపాళ్లకు మించిన వోట్లతో ప్రధాన రైలుమార్గములను కొనుట కంగీకరించిరి. 1902లో సమాఖ్య రైల్వే ప్రారంభమయ్యెను. ప్రణాళిక పుట్టిన ముప్పదియాఱేండ్లకు, కర్త గతించిన పందొమ్మిదేండ్లకు ప్రజ లతని తీర్పును తమ తీర్పుగా చేసికొనిరి. పదవి యతనిని రెండుమార్లు వీడెను, సత్యము వీడలేదు. ప్రజాసేవకు దిగువారు పదవీకాలమును గాక, తాము నాటిన విత్తు మొలకెత్తు కాలమును లెక్కింతురు గాక యని మేము కోరుచున్నాము.