ఆలన్ ట్యూరింగు

ఆలన్ ట్యూరింగు 1912 జూన్ 23న లండనులో జన్మించెను. తండ్రి మద్రాసు రాజధానిలో, బరంపురమునకు సమీపమున నున్న ఛత్రపురమున సివిలు సర్వీసు ఉద్యోగి. తల్లి మద్రాసు రైల్వే ప్రధాన ఇంజనీరు కుమార్తె. తలిదండ్రులు ఇండియాలో నుండగా బాలుడు ఇంగ్లండులో పరుల యింట పెరిగెను.

1936లో అతడు ఏ గణనమునైనను చేయగల యంత్రమును ఊహించెను. అట్టి యంత్రము చివరకేమి చేయునో అన్ని సందర్భములలోను ముందుగా తేల్చగల ఒకే పద్ధతి యుండజాలదని నిరూపించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించుటలో ముఖ్యపాత్ర వహించెను.

సర్వత్ర పనిచేయు పద్ధతి లేకున్నను, ఒక్కొక్క ప్రోగ్రామును పరీక్షించు మార్గము కలదని 1949లో కేంబ్రిడ్జిలో వివరించెను. పెద్ద కూడికలో పై స్థానమునకు పోవు అంకెలను వ్రాసి యుంచినచో, ఒక్కొక్క వరుసను విడిగా సరిచూడవచ్చును గదా! అట్లే ప్రోగ్రామునందు అచ్చటచ్చట సత్యము కావలసిన విషయములను వ్రాసి, దశదశకు పరీక్షింపవలెను. అది ముగియునని చూపుటకు, అడుగడుగునకు తగ్గుచు పోవు రాశి నొకదానిని చూపవలెను.

మన పులిజూదమును చూడుడు. పులి మేకను చంపినప్పుడెల్ల మేకల సంఖ్య తగ్గును. కావున చంపుట యెల్లకాలము సాగదు. కాని యెవరికిని నష్టము లేక పావులు ముందునకు వెనుకకు కదలుచుండినచో? అచ్చట తగ్గు రాశి లేదు. ఆట ముగియుటకు వేరొక నియమము చేర్చవలెను. చదరంగమున ఒకే స్థితి మూడుమారులు వచ్చినచో ఆట సమమని కోరవచ్చునను నియమ మట్టిదే.

ట్యూరింగు చదరంగమాడు ప్రోగ్రామునుకూడ రచించెను. దానిని నడుపు యంత్రము లేనందున, 1952లో తానే కాగితముపై లెక్కించుచు మిత్రునితో నాడి యోడెను. ఒక్కొక్క ఎత్తునకు సుమారు అరగంట పట్టెను. తరువాతివారు ఆ నియమములను కంప్యూటరున కీయగా, అతని ఎత్తులు కొన్ని సరిపడలేదు. నియమకర్తయే తప్పగలడనిన, పరీక్ష యెంత యవసరమో తెలియుచున్నది.

ఆ సంవత్సరముననే, స్వలింగ సంబంధము నేరమను నాటి శాసనముచే న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించెను. చెరసాలకు బదులుగ హార్మోను చికిత్సను భరింపవలసివచ్చెను. 1954 జూన్ 7న, నలువదియొకటవ యేట, మరణించెను. ఇంగ్లండులో ఆ శాసనము 1967లో సడలింపబడెను. 2013లో రాణి అతనికి క్షమాభిక్ష నొసగెను.

నేడు శామీరుపేట దాపున 2008లో వెలసిన బిట్స్ పిలానీ ప్రాంగణమునను, మరియెన్నో విద్యాలయములందును కంప్యూటరు శాస్త్రము నభ్యసించువారు ట్యూరింగు యంత్రమును చదువుచున్నారు. ఆటకైనను, శాసనమునకైనను, నియమమున్నంత మాత్రమున చాలదు. అది సరియైనదో కాదో పరీక్షింపవలెను. ఈ మహనీయుని జీవితము మనకు నేర్పు పాఠమిదియే.