దివాను లక్ష్మణరావు పంతులుగారు

తెలుగునాట గ్రంథాలయములు స్థాపించినవారు పెక్కుమంది కలరు. స్థాపించినది తమ అనంతరము కూడ నిలుచునట్లు చేసినవారు కొందరే. ఆ కొందరిలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు. వారు జీవించినది నలువదియారేండ్లు. జీవనోపాధి ఒక జమీందారీలో దివానుగిరీ. కొలువు చేయుచునే వారు దేశమునకు చేసిన సేవను పరిశీలించినచో, పదిమందితో కలిసి పనిచేయవలసిన ప్రతివానికిని అందు నేర్వదగిన పాఠములు దొరకును.

పంతులుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలునందు జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. ఊహ తెలియకమునుపే తండ్రి గతించెను. బాల్యము కొంత భువనగిరిలో గడచెను. పిదప అక్కగారైన భండారు అచ్చమాంబగారును, బావగారైన మాధవరావుగారును నాగపురమునందు వారిని చేరదీసి చదివించిరి. బడికి పోవు భాగ్యము లేని అచ్చమాంబగారు తమ్ముని చదువుతోబాటు తానును అక్షరములు నేర్చి, కాలక్రమమున 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించిన విదుషీమణియైరి. ఒకరి చదువు ఇంటిలోని మరియొకరికి వెలుగు కాగలదను సత్యమును పంతులుగారు చిన్ననాటనే కన్నులార చూచిరి.

నాగపురమున వారికి మహారాష్ట్రభాష స్వభాషవలె అలవడెను. ఆ భాషలో వ్యాసములు వ్రాసి పేరు గాంచిరి. ఆ భాషలో చరిత్రగ్రంథములు, శాస్త్రగ్రంథములు వెలువడుచుండుటను చూచి, తెలుగున అట్టివి లేవను కొరతను గుర్తించిరి. పరుల సంపదను చూచి అసూయపడక, అది తమ ఇంటికి వచ్చు త్రోవ వెదకుటయే వారి స్వభావము.

చదువు ముగించి వారు మునగాల సంస్థానమున దివానుగా ప్రవేశించిరి. మునగాల పరగణా నాడు ఆంగ్లేయుల కృష్ణామండలమునకు చేరినదైనను, దాని చుట్టును ఉన్నది నైజాము రాజ్యమే. దివాను ఉద్యోగమనగా శిస్తులు, దస్త్రములు, తగవులు, వ్యాజ్యములు. అట్టి కొలువులో దిగినవాడు సాధారణముగా లెక్కలలోనే తల నెరయించుకొనును. పంతులుగారు అట్లుగాక, ప్రభువైన నాయని వేంకట రంగారావుగారిని తమ విద్యాకార్యములకు పోషకునిగా చేసికొనిరి. యజమాని విశ్వాసమును స్వలాభమునకు వాడుకొన్నవారు లోకమున కొల్లలు. దానిని లోకహితమునకు వినియోగించుటయే ఘనత.

ఆ కాలమున నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగునకు కచేరీలో చోటు లేదు, బడిలో ఆదరము లేదు. అట్టి తరుణమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. దానికి చోటిచ్చినది రావిచెట్టు రంగారావుగారి ఇల్లు. అండ మునగాల ప్రభువులది. ప్రోత్సాహము, ప్రణాళిక పంతులుగారివి. ఇంతమంది పూనికతో వెలసినను ఆ నిలయమునకు దాతల పేరుగాని, స్థాపకుల పేరుగాని పెట్టలేదు. అందరిదియునైన రాయల పేరు పెట్టిరి. కనుకనే అది ఏ ఒక్క ఇంటి సొత్తును కాక, తెలుగువారందరి సొత్తయ్యెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము నెలకొనెను. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగినట్లు ఓరుగల్లు సీమకు ఆ వెలుగు అందెను. ఈ రెండు నిలయములును నూరేండ్లు దాటినవి.

గ్రంథాలయము కట్టినంత మాత్రమున చాలదు. అందుంచుటకు గ్రంథములు కావలెను గదా! 1906లో పంతులుగారు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఇందు వారు పనిని పంచిన తీరు గమనింపదగినది. ఎవరికి ఏ విద్యయందు ప్రవేశము కలదో వారిచేత ఆ గ్రంథమే వ్రాయించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అబ్రహాము లింకను చరిత్రమును, వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, చిలుకూరి వీరభద్రరావుగారు ఆంధ్రుల చరిత్రమును వ్రాసిరి. 1908లో హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహమను నేరముపై చెరసాల కేగవలసి వచ్చెను. కుడిభుజమువంటివాడు దూరమైనను మండలి ఆగలేదు. మద్రాసునకు మారి గ్రంథప్రకటన సాగించెను. పని పదిమంది భుజములపై నుండుటచేత ఒక భుజము తొలగినను బండి ఒరగలేదు.

అయితే పంతులుగారు తలపెట్టిన మహాకార్యము వేరొకటి కలదు. అదియే ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. సకలశాస్త్రములను అకారాదిగా కూర్చి తెలుగువారికి అందింపవలెనని వారి సంకల్పము. అందుకై పండితులను సమకూర్చుకొనిరి. కాని ఆ పని స్వభావమే వేరు. తెలుగున పారిభాషికపదములు లేవు, కల్పించుకొనవలెను. వ్యాసములు దిద్దవలెను, వలసినచో తామే వ్రాయవలెను. పెక్కు దీర్ఘవ్యాసములు పంతులుగారే వ్రాసిరి. క్రమముగా ఆ భారమంతయు వారి మీదనే పడెను. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన మద్రాసులో వారు అస్తమించిరి. సర్వస్వము అచ్చటనే నిలిచిపోయెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టి కొంత నడిపిరిగాని, 1938లో వారును గతించిరి.

ఒకే మహనీయుని చేతిమీదుగా వెలసిన రెండు కార్యములలో ఒకటి శతవర్షములు దాటుటకును, రెండవది నడుమ నిలుచుటకును కారణమేమి? శ్రద్ధలో లోపము లేదు. పాండిత్యమునకు కొరత లేదు. నిలయమునకు తాళపుచెవి చేతులు మారినను తలుపు తెరవవచ్చును. సర్వస్వమునకు తాళపుచెవి పంతులుగారి మేధస్సే. అది మరియొకరి చేతికి ఇచ్చునది కాదు.

అయినను వారు తీర్చిదిద్దిన మనుష్యులు మిగిలిరి. సర్వస్వరచనలో వారివద్ద పనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు తరువాత చరిత్రపరిశోధకులలో శిఖరప్రాయులైరి. తెలుగు భాషాసమితివారి విజ్ఞానసర్వస్వమునకును పాటుపడిరి. హైదరాబాదులోని పరిశోధకమండలి పంతులుగారి పేరు ధరించి, లక్ష్మణరాయ పరిశోధకమండలియై తెలంగాణ శాసనములను సేకరించి ప్రకటించెను. పుస్తకము ఆగినను శిష్యుడు ఆగలేదు.

గ్రామమునందలి గ్రంథాలయమునకును ఇదియే న్యాయము. పుస్తకముల పట్టీ ఒక్కని జ్ఞాపకములో నుండరాదు, చిట్టాలో నుండవలెను. చందాల లెక్క కార్యదర్శి జేబులో నుండరాదు. పదిమంది చూచు ఖాతాలో నుండవలెను. పెద్దవాడు కూర్చున్న పీటపై చిన్నవానిని అప్పుడప్పుడు కూర్చుండబెట్టి పని నేర్పవలెను. తాను లేని దినమున తలుపు తెరచువాడు ఎవడో ముందుగానే ఎరిగియుండువాడే నాయకుడు. పాతికేండ్లు నిండిన ఏ సంస్థయైనను రాబోవు పాతికేండ్లకు వలసిన చేతులను నేడే వెదకికొనుట లక్ష్మణరావు పంతులుగారికి సమర్పింపదగిన నిజమైన నివాళి.