గురజాడ అసలు జీవితం.. ఇంట్లో మిగిలిన డైరీల్లోనే!

కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు తెలియనివాళ్లు ఉండరు. మరి ఆయన రోజులు ఎలా గడిచాయి? ఆ సంగతి చెప్పేవి ఆయన డైరీలు, ఉత్తరాలే.

1862 సెప్టెంబర్ 21న ఎస్.రాయవరంలో పుట్టారు. విజయనగరం మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. 1892లో కన్యాశుల్కం స్టేజీ ఎక్కింది, 1897లో పుస్తకంగా వచ్చింది. వాడుక తెలుగు కోసం 1914లో మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం కూడా ఇచ్చారు. విచిత్రం ఏంటంటే, తన డైరీలు మాత్రం ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాసుకున్నారు!

బిల్హణీయం, కొండుభట్టీయం నాటకాలు పూర్తి కాకుండానే 1915 నవంబర్ 30న, 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆ కాగితాలు దశాబ్దాల తర్వాత అచ్చయ్యాయి. అప్పట్లో ఎవరైనా చిత్తు కాగితాలే కదా అని పారేసి ఉంటే? నాటకం మిగిలేది.. మనిషి మిగిలేవాడు కాదు.

మీ ఇంట్లో తాతల నాటి ట్రంకు పెట్టె ఉందా? పారేసే ముందు ఒకసారి తెరిచి చూడండి.