డాక్టరు అలిస్టర్ మెకంజీ

మెకంజీ యనగానే మన పాఠకులకు స్ఫురించునది కైఫీయతులు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీ. నేను వ్రాయబూనినది ఆయనను గూర్చి కాదు. గోల్ఫు మైదానముల నిర్మాణమున పేరొందిన డాక్టరు అలిస్టర్ మెకంజీ వేరొకరు. గోల్ఫు పెద్ద ఉద్యోగుల ఆటయని నావంటివారు దూరముగనే నడచిపోవుదురు. అయినను ఈ వైద్యుని జీవితము తెలిసికొనదగినది.

ఆయన 1870 ఆగస్టు 30వ తేదీన ఇంగ్లాండులోని యార్కుషైరు ప్రాంతమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, తండ్రివలెనే వైద్యుడై, బోయర్ యుద్ధమున శస్త్రవైద్యుడుగా దక్షిణాఫ్రికాకు వెళ్లెను. సంఖ్యలో తక్కువయైన బోయర్లు నేలలో కలిసిపోవునట్లు కందకములు త్రవ్వుకొనెడివారు. 1899 డిసెంబరులో మాగర్స్‌ఫాంటెయిన్ వద్ద ఆంగ్లేయుల ఫిరంగులు కొండచరియపై గుండ్లు కురిపించుచుండగా, బోయర్లు కొండ పాదమునగల కందకములలో క్షేమముగా నుండిరి. నేల దాచినదానిని గుర్తింపలేకపోవుట ఎంత ప్రాణాంతకమో మనమును ఎరుగుదుము. బస్తరు అడవులలోని చింతలనార్ శిబిరమునకు మరలివచ్చుచున్న దళముపై 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద మావోయిస్టులు పొంచియుండి దాడి చేయగా 76 మంది మరణించిరి. బంకరు అనగా మనవారికి అట్టి శిబిరములలోని ఇసుక బస్తాల కాపలా గుంటయే.

గోల్ఫులోని బంకరు వేరు. స్కాట్లాండు తీరమున చలిగాలికి గొర్రెలు ముడుచుకొని పడుకొన్న పల్లములే తొలి బంకరులని చెప్పుదురు. తరువాతి నిర్మాతలు వానిని మైదానమున కడ్డముగా, గోడ కట్టినట్లు త్రవ్వించిరి. తప్పు కొట్టినవానిని శిక్షించుటయే వారి ఉద్దేశము. మెకంజీకిది నచ్చలేదు. ఆయన దృష్టిలో బంకరు శిక్ష కాదు, ఆటగాని ముందుంచిన ప్రశ్న. సాహసి దాని అంచు దాటించి కొట్టి లాభించును. వృద్ధుడు ప్రక్కదారిని పోయి ఒక దెబ్బ ఎక్కువతో గమ్యము చేరును. బోయర్ల విద్యను ఆయన ఇచట తలక్రిందులు చేసెను. యుద్ధమున కందకము కనబడరాదు. ఆటలో గుంట స్పష్టముగా కనబడవలెను. అది మనిషి త్రవ్వినదను సంగతి మాత్రము కనబడరాదు. అందుచే అంచులను వంకరలు తీర్చి, ఇసుకను వాలుపైకి లాగి, వెనుక మిట్టలను పరిసరభూమిలో కలిపివేసెను.

1907లో స్థాపితమైన లీడ్సు సమీపపు ఆల్‌వుడ్లీ ఆయన తొలికృతి. 1914లో కంట్రీ లైఫ్ పత్రిక పోటీలో ఆయన నమూనా బహుమతి నందెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యమునకు మరుగువిద్య నేర్పెను. పిదప వైద్యము మానివైచి, మందులకంటె ఆరుబయలి ఆటయే ఆరోగ్యకరమని నమ్మి, 1920లో నిర్మాణశాస్త్రముపై చిన్న గ్రంథము ప్రకటించెను. 1926లో ఆస్ట్రేలియాకు పోయి మెల్బోర్నులో రచించిన మైదానము, 1928 నాటి కాలిఫోర్నియాలోని సైప్రస్ పాయింటు నేటికిని ఆదర్శములు.

చివరిది బాబీ జోన్సుతో కలిసి నిర్మించిన జార్జియాలోని అగస్టా నేషనల్. అంత పెద్ద మైదానమున తొలుత ఉన్న బంకరులు సుమారు 22 మాత్రమే. ఆర్థిక మాంద్యకాలమగుటచే ఆయన ప్రతిఫలము పూర్తిగా చేతికందలేదు. బిల్లులు పరిశీలించు ఉద్యోగిని గనుక నాకీ సంగతి ఎక్కువ కష్టము కలిగించినది. పచ్చిక పూర్తిగా పరచుకొన్న పిమ్మట ఆ మైదానమును ఆయన చూడనే లేదు. 1934 జనవరి 6న కాలిఫోర్నియాలోని సాంతాక్రూజులో కన్నుమూసెను. అగస్టాలో తొలి పోటీ ఆ మార్చిలో జరిగెను. ఆయన చితాభస్మమును తాను నిర్మించి, చెంతనే నివసించిన పాసాటియెంపో మైదానముపై చల్లిరి.