అనాథ బాలల ఆత్మబంధువు: యానుష్ కోర్చాక్

అనాథ శిశువులకు అన్నవస్త్రము లొసగు దాతలు అన్ని దేశములందును కలరు. ఆ శిశువుల మాటకు విలువ నిచ్చి, వారి తీర్పునకు తానును తలయొగ్గిన మహనీయుడు పోలండు దేశీయుడగు యానుష్ కోర్చాక్.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సా నగరమందలి యొక యూదు కుటుంబమున జన్మించెను. 1896లో తండ్రి గతించుటచే, విద్యార్థి దశయందే ఇతరుల బిడ్డలకు పాఠములు చెప్పి కుటుంబమునకు ఆసరా యయ్యెను. పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, శిశువైద్యుడుగను రచయితగను ఖ్యాతి గడించెను. అయినను రోగము నయమైన బిడ్డ మరల పేదరికములోనికే పోవుచుండగా, వైద్యు డొక్కడు చేయగలిగినది స్వల్పము. 1912లో ఆయన ఆస్పత్రి కొలువు విడిచి, క్రోహ్మాల్నా వీథిలోని అనాథ శరణాలయమునకు అధిపతి యయ్యెను. స్తెఫానియా విల్చిన్‌స్కా అను విదుషి ఆయనకు కుడిభుజమై నిలిచెను.

ఆ శరణాలయపు పద్ధతి విలక్షణమైనది. క్రొత్తగా చేరిన బిడ్డకు 3 మాసములపాటు పెద్దబిడ్డ యొకరు తోడుగా నుండి అచటి రీతులు తెలుపవలెను. తగవులు విచారించుటకు న్యాయస్థానము కలదు, న్యాయమూర్తులు పిల్లలే. వారి శాసనమున నిబంధనలకు 1000 వరకు సంఖ్యలు కలవు. మొదటి 99యు క్షమను తెలుపునవే. నేరమును నిర్ణయించునవి 100వ దానితో గాని ఆరంభము కావు. పెద్దలకును అచట మినహాయింపు లేదు. ఒక బాలుని కొట్టినందులకు, ఒక బాలికను దొంగయని శంకించినందులకు కోర్చాక్ స్వయముగా ముద్దాయియై నిలిచెను. ఆరు మాసములలో ఐదు పర్యాయములు అట్లు నిలిచినట్లు ఆయనయే వ్రాసికొనెను. పిల్లలకు పెద్దల ప్రేమ యొక్కటే రక్ష కారాదనియు, పెద్దల నిరంకుశత్వము నరికట్టు వ్యవస్థ ఉండవలెననియు ఆయన గ్రహించిన సత్యము.

1940లో నాజీల యాజ్ఞచే శరణాలయము యూదుల నిర్బంధవాడలోనికి తరలిపోయెను. ఆకలియు వ్యాధులును చుట్టుముట్టిన ఆ చోట, 1942 జూలై 18వ తేదీన, పిల్లలు రవీంద్రుని డాక్‌ఘర్ నాటకమును ప్రదర్శించిరి. గదిలో బందీయై రాజుగారి ఉత్తరమునకై ఎదురుచూచు రుగ్ణబాలుని కథ యది. మూడు వారములు నిండక మునుపే, ఆగస్టు మొదటివారమున, సుమారు 200 మంది పిల్లలను నాజీలు ట్రెబ్లింకా మృత్యుశిబిరమునకు పంపిరి. తాను తప్పించుకొను మార్గములు లభించినను కోర్చాక్ వాని నంగీకరింపక, పిల్లలతో నడచిపోయెను. విల్చిన్‌స్కాయు వెంట నడచెను. వారు మరలి రాలేదు.

ఆయన మరణమును లోక మెరుగును. ఆయన నడపిన ఇంటి పద్ధతిని అంతగా ఎరుగదు. మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము, ఆరేండ్లు పైబడిన పిల్లలున్న ప్రతి సంరక్షణాలయమునందును బాలల సంఘ మేర్పడవలెనని విధించినది. అందు బిడ్డ నిర్భయముగా నోరు విప్పగలుగుట మాత్రము పెద్దల వర్తనముపై ఆధారపడియున్నది. అట్టి ఇంటినుండి తన తరగతికి వచ్చు విద్యార్థి ఫిర్యాదును, అది తన మీదనే యైనను, ఓపికతో వినగల ఉపాధ్యాయుడు కోర్చాక్ స్మృతికి తగిన నివాళి యర్పించినవాడగును.