ఎడ్వార్ లూకా: 39 అంకెల ప్రధాన సంఖ్యను చేతి లెక్కతో తేల్చిన గణితవేత్త

ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఎడ్వార్ లూకా 1842లో అమియాన్ నగరంలో జన్మించారు. పారిస్ ఖగోళ వేధశాలలో పనిచేశారు. 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫిరంగిదళ అధికారిగా పాల్గొని, ఆపై ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించారు.

2 యొక్క ఘాతాల నుంచి 1 తీసివేయగా వచ్చే సంఖ్యలు ఆయనను ఆకర్షించాయి. వాటిలో ఏవి ప్రధాన సంఖ్యలో పేర్కొంటూ 1644లో క్రైస్తవ సన్యాసి మెర్సెన్ ఒక జాబితా ప్రకటించారు. దానిని పూర్తిగా సరిచూడడం ఎవరికీ సాధ్యం కాలేదు. అంత పెద్ద సంఖ్యలను ఒక్కొక్క చిన్న సంఖ్యతో భాగించి చూడడానికి జీవితకాలం చాలదు.

లూకా మరో మార్గం కనుగొన్నారు. ఒక చిన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే ప్రక్రియ జరపాలి. నిర్ణీత దశలో శేషం సున్న అయితే అది ప్రధాన సంఖ్యే. ఈ విధంగా 1876లో, 2 యొక్క 127వ ఘాతం కంటే 1 తక్కువైన 39 అంకెల సంఖ్య ప్రధానమని తేల్చారు. 67వ ఘాతం విషయంలో మెర్సెన్ పొరబడ్డారనీ చూపారు. దాని కారణాంకాలు మాత్రం 1903లో గాని వెల్లడి కాలేదు.

1883లో ఆయన రూపొందించిన ‘హనోయి గోపురం’ ఆటకు కాశీ ఆలయపు కల్పిత కథ ఒకటి జతకూడింది. అందులోని 64 బిళ్లలను తరలించే ఎత్తుల లెక్క కూడా 2 యొక్క 64వ ఘాతం కంటే 1 తక్కువే.

1891లో ఒక విందులో పగిలిన పళ్లెం పెంకు చెంపకు తగిలింది. ఆ గాయం విషమించి కొద్ది రోజులకే, 49వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆయన తేల్చిన సంఖ్య 1951 వరకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలోనూ పెద్దదిగా నిలిచింది. 2024లో బయటపడిన 4 కోట్లకు పైగా అంకెల ప్రధాన సంఖ్యను ధ్రువీకరించినది కూడా, అనంతరం లెహ్మర్ మెరుగుపరచిన ఆయన పద్ధతే.